ముప్పై ఆరో గంట పస్తు

ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్ వెనక సందులో, రెండో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్ ఉంది. గ్రూప్-టూ, బ్యాంకు, రైల్వే, అన్ని పరీక్షలకీ అక్కడ చెబుతారు. అందులో చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడు ఇంతవరకు లేడు. అందులో వింతేం లేదు. రీజనింగ్ చెప్పే చలమయ్య మాస్టారు అసలు మాస్టారే కాదు, రహస్య శాఖలో తూర్పు తీరం మొత్తానికి చీఫ్.

"కూర్చో నీలకంఠం," అన్నాడు చలమయ్య, బోర్డు మీది పని-కాలం లెక్క చెరుపుతూ. అప్పుడు ఉదయం తొమ్మిదీ నలభై.

నీలకంఠం కూర్చున్నాడు. బెంచీ ఇరుకు, పొట్ట పెద్దది. వయసు నలభై ఏడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, నాలుగు మారుపేర్లు, ప్రమోషన్లు సున్నా.

"బూజు గురించి నీకేం తెలుసు?"

"పండక్కి ముందు దులుపుతారు సార్."

"అది సాలెగూళ్ళ బూజు. నేనడిగేది ఊరగాయ మీద పట్టే బూజు. ఫంగస్. దారాలు దారాలుగా పెరిగే రకం."

"దాన్నీ తీసి పారేస్తారు సార్."

"దీన్ని మాత్రం పారేస్తే నీ ఉద్యోగం పోతుంది." చలమయ్య టేబుల్ మీద ఒక ఫైలు పడేశాడు. "ఆటోనగర్‌లో పాత లేత్ షెడ్డు. లోపల ప్రయోగానికి పెట్టిన చిన్న పైలట్ ప్లాంట్. సైంటిస్ట్ పేరు నాగశ్రీ. తొమ్మిదేళ్ళ క్రితం అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఓ చివికిన గోనెసంచి మీద ఈ బూజు ఆవిడ కంటబడింది. పేరు బెల్లం-9. దీని దారాల్లో కొవ్వు ఊరుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల పాలపొడిలో కలిపే నూనె అందులోంచే వస్తుంది. ఇప్పటిదాకా అది బయటి దేశాల నుంచే రావాల్సి వచ్చేది."

"మంచిదేగా సార్."

"నెల క్రితం దాకా మంచిదే. ఎండబెట్టి తూస్తే వందకి యాభై రెండు పాళ్ళు కొవ్వు. తర్వాతి వారం నలభై ఒకటి. ఆ పైవారం ఇరవై మూడు. మొన్న తొమ్మిది. లోపల ఎవరో పాడు చేస్తున్నారు. వాళ్ళెవరో కనిపెట్టడం నీ మొదటి పని."

"రెండో పని?"

చలమయ్య ఒక ఫొటో చూపించాడు. తెల్ల దొర, పల్చటి పెదాలు, రెప్పలు కొట్టని కళ్ళు. "క్రెస్. కార్డు మీద వంటనూనెల కన్సల్టెంట్. అసలు పని, పక్కవాళ్ళ ల్యాబుల్లో పుట్టినవాటిని ఎత్తుకుపోయి తన కంపెనీ పేరున పేటెంట్ చేయించడం. సాయంత్రం ఐదుకి పోర్టు నుంచి కదిలే కార్గో షిప్పులో వీడికి క్యాబిన్ బుక్కయింది. బెల్లం-9 వీడి జేబులో షిప్పు ఎక్కకూడదు. ఎక్కిందో, రేపు నాగశ్రీ తన బూజుని తన ట్యాంకులో పెంచుకోవాలన్నా వీడి పర్మిషన్ అడగాలి."

"ఇప్పుడే పట్టుకోవచ్చుగా?"

"ఇంకా దొంగిలించలేదుగా? ఢిల్లీకి ఫైలు పంపాను. బయల్దేరింది."

"ఎప్పుడు చేరుతుంది?"

"షిప్పు వెళ్ళిపోయాక."

నీలకంఠం ఫైలు మూసేశాడు. "తోడు ఎవరైనా ఉన్నారా సార్?"

"యశస్విని. వాడి దుబాసీ. మన మనిషి." చలమయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు. "అనుకుంటున్నాను. ఆరేళ్ళుగా మన జీతమూ తీసుకుంటోంది, వాళ్ళ జీతమూ తీసుకుంటోంది. ఏ జీతానికి పని చేస్తోందో నాకూ తెలీదు. కోడ్ చేపల బేరంలా ఉంటుంది. రాసుకోకు, గుర్తుపెట్టుకో. నువ్వు 'నెత్తళ్ళు దొరుకుతాయా' అనాలి. ఆమె 'పచ్చివి లేవు, ఎండువి ఉన్నాయి' అంటుంది."

శాఖవారు మూడు పరికరాలు ఇచ్చారు. చొక్కా బొత్తాంలో కెమెరా, మత్తు చిమ్మే పెన్ను, మూడుసార్లు నొక్కితే చలమయ్యకు సిగ్నల్ వెళ్ళే వాచీ. కెమెరా బొత్తాం పొద్దున్నే ఇస్త్రీలో కరిగిపోయింది. పెన్ను సముద్రపు గాలికి తుప్పుపట్టింది. మిగిలింది వాచీ.

*

యశస్విని జ్యూస్ షాపులో కనిపించింది. నల్లచీర, నల్లకళ్ళద్దాలు, మెడలో సన్నటి ముత్యాల దండ. షాపులో ఉన్న మగవాళ్ళందరూ బత్తాయి రసం తాగడం మర్చిపోయి కూర్చున్నారు.

"నెత్తళ్ళు దొరుకుతాయా?" అన్నాడు నీలకంఠం, జ్యూస్ షాపులో అడగాల్సిన మాట కాదని సిగ్గుపడుతూ.

"పచ్చివి లేవు. ఎండువి ఉన్నాయి." టీవీలో వార్తలు చదివినట్టు ఒక్కొక్క అక్షరం తీర్చి పలికింది. "మూడు గంటలకు వస్తాం. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళే వేళ అది. మీరు అడ్డు రాకండి."

"అడ్డు రావడమే నా డ్యూటీ."

"అయితే దెబ్బ తగలకుండా అడ్డు రండి."

"అసలు మీరెవరి వైపు?"

ఆమె స్ట్రా చివర పెదాలతో నొక్కి, "ఆ సంగతి సాయంత్రానికి నాకే తెలుస్తుంది," అని లేచి వెళ్ళిపోయింది. బిల్లు నీలకంఠమే కట్టాడు.

*

బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో, పెట్టుడు గడ్డంతో, పన్నెండింటికి నీలకంఠం షెడ్డులో అడుగుపెట్టాడు. చుట్టుపక్కల లేత్‌ల చప్పుడు. లోపల ఒక స్టీలు ట్యాంకు, మనిషికన్నా ఎత్తు, గుడగుడమంటూ గాలి పీలుస్తోంది. షెడ్డంతా పాకం వాసన. ఆ పాకం కింద ఇంకేదో వాసన కూడా ఉంది. మధ్యాహ్నం క్యారియర్ ఎవరో తెరిచారనుకున్నాడు.

సీసాలు కడుగుతున్న ముసలమ్మ తలెత్తి చూసింది. ఆమె కళ్ళు ముందు అతని నడక మీద, తర్వాత గడ్డం మీద పడ్డాయి.

"ఒరే నీలకంటం! ఈ గెడ్డమేట్రా? ఒంట్లో బాగోనేదేటి?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏడు దేశాల గూఢచారులు పట్టుకోలేని మనిషిని జాలరిపేట అసిరమ్మ మూడు క్షణాల్లో పట్టేసింది. ఒకప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ చేపలమ్మిన మనిషి. మోకాళ్ళు పోయాక ఇక్కడ సీసాలు కడిగే పనిలో కుదిరింది.

"పిన్నీ, నాను ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాను," అన్నాడు. ఆ 'నాను' నోట్లోంచి వచ్చేదాకా అతనికే తెలియలేదు.

"అమ్మగోరూ!" అసిరమ్మ లోపలికి కేకేసింది. "ఈడు మా పేట గంగాలమ్మ కొడుకు. సిన్నప్పుడు నా తట్టలోవి ఎండు సేపలు ఎత్తుకుపోయీవోడు. ఏదో సర్కారు ఉద్దోగమంట, ఎవులికీ సెప్పకూడదంట!"

నాగశ్రీ బయటికి వచ్చింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, మూడు వారాలుగా నిద్రలేని ముఖం. నీలకంఠం గడ్డం పీకి జేబులో పెట్టుకుని, సంగతంతా చెప్పేశాడు. మూడింటికి దొంగ వస్తాడనీ, లోపలే ఇంకో దొంగ ఉన్నాడనీ.

"లోపల నేనూ, అసిరమ్మా తప్ప ఎవరున్నారండీ?" అంది నాగశ్రీ. "నాకు ఇంకో భయముంది. ఎవరూ పాడు చెయ్యలేదేమో. నా స్ట్రెయిన్, అదే ఈ బూజు జాతి, చచ్చుబడిపోయిందేమో. అలా జరుగుతుంది. తరాలు గడిచేకొద్దీ గుణం పోతుంది. బూజు బతికే ఉంటుంది, తెల్లగా, ఒత్తుగా ఉంటుంది, కొవ్వు మాత్రం ఊరదు."

"అసలు ఎలా ఊరుతుంది?"

ఆమె బోర్డు వైపు చూపించింది. సున్నపు చాక్‌తో పెద్ద అక్షరాలు: *36వ గంట నుంచి పస్తు.*

"దీనికి రెండు రకాల తిండి. బెల్లం పాకం ఒకటి, నైట్రోజన్ ఉన్న తిండి ఒకటి. రెండూ ఉన్నంతసేపు ఒళ్ళు పెంచుకుంటుంది, దారం మీద దారం వేస్తుంది. ముప్పై ఆరు గంటలకి నైట్రోజన్ అయిపోతుంది. మేం మళ్ళీ వెయ్యం. బెల్లం మాత్రం పోస్తూనే ఉంటాం. ఇక పెరుగుదామంటే సరుకు లేదు. వచ్చే తీపిని ఏం చేసుకోవాలో తోచక కొవ్వుగా దాచుకుంటుంది. అదీ పస్తంటే."

"అంటే జీతం ఇస్తూ ప్రమోషన్ ఆపేసినట్టు."

నాగశ్రీ అతని పొట్ట వైపు చూసి, ఆపుకోలేక నవ్వింది. మూడు వారాల్లో అదే మొదటి నవ్వని అసిరమ్మ తర్వాత చెప్పింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "గాలి చూశాను, వేడి చూశాను, పులుపు చూశాను, ఫాస్ఫేట్ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదేళ్ళండీ. ఇంక ఏం చూడాలో నాకు తెలియడం లేదు."

ఆమెకు ధైర్యం చెప్పాలని నీలకంఠానికి చాలా అనిపించింది. పాకం మరిగే పెద్ద ప్రెషర్ కుక్కర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పక్కనే అసిరమ్మ సీసాలు సర్దుతూ గొణుగుతోంది.

"ఆయమ్మ సదూకుంది గాని జాలి నేదు బాబూ. ఒట్టి బెల్లం నీల్లు పోసి మూడ్రోజులు కూకోబెడతాది. పురిట్లో పడుకున్న గుంటనైనా అలా పెడతారేటి? నోరు నేని జీవి. పస్తేటి, పస్తు?"

"అది బూజు పిన్నీ."

"బూజైతే? దానికి ఆకలుండదేటి?"

అప్పుడే ఆ మాట పట్టుకోవలసింది. ఏజెంట్ నీలకంఠం పట్టుకోలేదు. మూడింటికి వచ్చే దొంగ కోసం కిటికీలోంచి చూస్తున్నాడు.

*

మూడుకి ఒక్క నిమిషం ముందే వచ్చారు. క్రెస్ చేతిలో చిన్న పిస్తోలు. దాన్ని నీలకంఠం మీద పెట్టలేదు, నాగశ్రీ మీద పెట్టలేదు. అసిరమ్మ కణత మీద పెట్టాడు. దాంతో మిగిలిన ఇద్దరూ చేతులెత్తేశారు. వాడికి తన పని బాగా తెలుసు.

"కట్టేయ్," అన్నాడు ఇంగ్లీషులో.

నీలకంఠాన్ని కుర్చీకి కట్టింది యశస్విని. నైలాన్ తాడు చేతుల చుట్టూ రెండు మెలికలు తిరిగింది. వెనక్కి కట్టిన వేళ్ళతో ముడిని తడిమి చూసి నీలకంఠం ఉలిక్కిపడ్డాడు. అది జారుముడి. తెప్పను గుంజకి కట్టేటప్పుడు వేసే ముడి. కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడిపోతుంది. పట్నపు అమ్మాయికి ఆ ముడి ఎవరు నేర్పారు? ఊడదీసుకుని మాత్రం ఏం చెయ్యగలడు? పిస్తోలు అసిరమ్మ దగ్గరే ఉంది. మెల్లగా వాచీ మీద వేలు పెట్టి మూడుసార్లు నొక్కాడు.

"ప్లీజ్ చార్జ్ ద బ్యాటరీ," అంది వాచీ, షెడ్డంతా వినబడేలా.

క్రెస్ వచ్చి వాచీ ఊడదీసి నేల మీద వేసి తొక్కాడు. నీలకంఠం తలదించుకున్నాడు.

నాగశ్రీ ఫ్రిజ్ తెరిచి వేలెడు సీసా ఇచ్చింది. అందులో బెల్లం-9 విత్తనం. తిండి పెట్టే పద్ధతి రాసుకున్న నోట్‌బుక్కూ ఇచ్చింది. తొమ్మిదేళ్ళ పని రెండు చేతుల్లో ఇమిడిపోయింది. క్రెస్ సీసా జేబులో వేసుకున్నాడు. టైం మూడూ ఇరవై. ఇక పని అయిపోయినట్టే.

కానీ వాడు జాగ్రత్త మనిషి. సంచిలోంచి అరచేతి మైక్రోస్కోపు, ఒక రంగు సీసా, నీలం లైటు తీశాడు. "నలభై పాళ్ళకి తక్కువైతే తేవద్దన్నారు నా వాళ్ళు. ట్యాంకులోది ఇటు తియ్యి."

నాగశ్రీ ట్యాంకు కింది కుళాయి తిప్పింది. తెల్లటి ముద్ద జారింది. ఆ ముద్దతోపాటు, మధ్యాహ్నం పాకం కింద దాక్కున్న ఆ రెండో వాసన కూడా బయటికి వచ్చింది.

నీలకంఠం ముక్కు జాలరిపేటలో పుట్టింది. అది క్యారియర్ వాసన కాదు. మరగబెట్టిన రొయ్య తలకాయలది. అతను అసిరమ్మ వైపు చూశాడు. అసిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తోంది.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. పస్తున్న బూజుకి ముసలమ్మ ఎవరూ చూడకుండా పులుసు పోసింది. రొయ్య తలకాయల్లో ఉన్నదంతా నైట్రోజనే. కడుపు నిండిన బూజు హాయిగా ఒళ్ళు పెంచుకుంది, కొవ్వు దాచుకోవలసిన అవసరం దానికేముంది? పాకం సీసాలతోపాటే ప్రెషర్ కుక్కర్లో ఉడికింది కాబట్టి పులుసులో క్రిములూ లేవు, అనుమానించేవాళ్ళూ లేకపోయారు. స్ట్రెయిన్ చచ్చుబడలేదు. నిక్షేపంలా ఉంది.

క్రెస్ ముద్ద మీద రంగు చుక్క వేసి లైటు కొట్టి చూశాడు. కొవ్వు ఉంటే బంగారపు చుక్కల్లా మెరవాలి. దారాలన్నీ నల్లగా ఉన్నాయి. మళ్ళీ చూశాడు.

"ఏమిటిది?"

"పోయింది," అంది నాగశ్రీ. అంతదాకా బిగబట్టుకున్న మనిషి నేల మీద కూలబడింది. "చచ్చుబడిపోయింది. మూడు వారాలైంది. మీ జేబులో ఉన్నదీ ఇదే, ఆ సీసాలోంచే ఈ ట్యాంకుకి విత్తనం వేశాను. తీసుకెళ్ళండి. నా దగ్గర ఇంక ఏమీ లేదు." ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

దొంగ ఏడుపుకీ నిజం ఏడుపుకీ తేడా తెలిసినవాడు క్రెస్. ఇది నిజం ఏడుపు. వాడి ముఖంలో మొదటిసారి సందేహం కదిలింది.

నీలకంఠం నాగశ్రీ వైపు చూశాడు. ఒక్క మాట చెబితే ఆమె ఏడుపు ఆగిపోతుంది. నీ బూజు బతికే ఉందమ్మా అని, అంతే. ఆ ఒక్క మాట చెబితే అన్నీ పోతాయి. ఆమె ఏడుపే ఇప్పుడు కాపాడాలి. పెదవి కొరుక్కుని కూర్చున్నాడు. ఒక ఆడమనిషి కళ్ళముందు కుప్పకూలిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

అసిరమ్మ మాత్రం ఓర్చుకోలేకపోయింది.

"ఏడవకమ్మా!" అంటూ నోట్లోని కొంగు తీసేసింది. "నీ బూజు సావనేదు. పాపం నాది. పస్తు పెడతన్నావని సూల్లేక రొయ్య తలకాయలు మరగబెట్టి ఆ బెల్లం సీసాల్లో కలిపీసినాను. మూడు వారాలై పోత్తన్నాను తల్లీ!"

నాగశ్రీ ఏడుపు సగంలో ఆగింది.

క్రెస్ దుబాసీ వైపు తిరిగాడు. "ఏమంటోంది?"

నీలకంఠం చెయ్యగలిగింది ఏమీ లేదు. తొమ్మిదేళ్ళ పని, పుట్టబోయే పిల్లల పాలు, తన ఇరవై రెండేళ్ళ సర్వీసు, అన్నీ వచ్చి ముత్యాల దండ వేసుకున్న ఒక మెడ దగ్గర ఆగాయి. యశస్విని నల్లకళ్ళద్దాలు తీసింది. ముసలమ్మ వైపు చూసింది. కుళాయి కింది ముద్ద వైపు చూసింది.

"దేవుణ్ణి తలుచుకుంటోంది," అంది ఇంగ్లీషులో. "అంతా నా పాపమే, నన్ను తీసుకుపో, ఆ అమ్మాయిని ఏడిపించకు అంటోంది."

నాగశ్రీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. అది ఏడుపో నవ్వో కనిపెట్టడం అక్కడున్న ఏ గూఢచారి వల్లా కాలేదు.

క్రెస్ ఫోన్ మోగింది. షిప్పు నుంచి. ఓడని రేవు దాటించే పైలట్ నాలుగున్నరకే ఎక్కుతాడట, ఆ వెంటనే గ్యాంగ్‌వే మెట్లు తీసేస్తారట. వాడు జేబులోంచి సీసా తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. చచ్చుబడిన సరుకు మోసుకెళ్ళి తన వాళ్ళ ముందు నవ్వులపాలు కావడమా? ఛీ అని సీసాను, నోట్‌బుక్కును బల్ల మీద విసిరేశాడు. పిస్తోలు దింపి తలుపు వైపు నడిచాడు.

"ముడి చూసి వస్తాను," అంది యశస్విని. నీలకంఠం వెనక వంగి, చెవి దగ్గర గుసగుసలాడింది. ఈసారి వార్తలు చదివే గొంతు కాదు.

"బాబాయ్, రొయ్య తలకాయల వాసన నాకూ తెలుత్తాది. ఐదయ్యీదాకా ముడి ఇప్పకు. నాను ఎల్తన్నాను."

వెళ్ళకమ్మా అనాలనుకున్నాడు. అనకూడదు. ఆమె ఆ షిప్పు ఎక్కకపోతే క్రెస్ అనుమానించి వెనక్కి తిరుగుతాడు. కారు తలుపు పడిన చప్పుడు విన్నాడు, అంతే.

ఐదింటికి పోర్టు వైపు నుంచి షిప్పు కూత వినబడింది. అప్పుడు నీలకంఠం తాడు కొస పట్టి ఒక్క లాగు లాగాడు.

*

పులుసు ఆపిన నాలుగు రోజులకి బెల్లం-9లో కొవ్వు యాభై నాలుగు పాళ్ళు తేలింది. నాగశ్రీ బోర్డు మీద పస్తు అన్న మాట చెరిపి, 'విశ్రాంతి' అని రాసింది. విశ్రాంతైతే తనకేమీ అభ్యంతరం లేదని అసిరమ్మ చెప్పింది.

కోచింగ్ సెంటర్లో చలమయ్య రిపోర్టు చదివి నొసలు చిట్లించాడు. "విద్రోహి దొరికింది, బాగుంది. కారణం కాలమ్‌లో జాలి అని రాశావేమిటయ్యా? ఫారంలో ఆశ, పగ, బెదిరింపు మాత్రమే ఉన్నాయి."

"ఇతరములు అని ఇంకొకటి ఉంది సార్."

"క్రెస్‌ని పట్టుకున్నావా?"

"లేదు సార్."

"యశస్విని?"

నీలకంఠం చెయ్యి జేబులోని ఫోన్ మీదికి వెళ్ళింది. ఆ పొద్దున్నే గుర్తుతెలియని విదేశీ నంబరు నుంచి అతనికి ఒక మెసేజ్ వచ్చింది. *నెత్తళ్ళు పచ్చివీ లేవు, ఎండువీ లేవు. ఇక్కడ పస్తే.* రూలు ప్రకారం చదివి చెరిపేశాడు. జవాబు పంపే దారి లేదు.

మధ్యాహ్నం అసిరమ్మ రొయ్యల కూర క్యారియర్ తెచ్చింది. అతను ముద్ద నోట పెట్టుకోలేక కూర్చుంటే, ఏటయిందని గుచ్చి గుచ్చి అడిగింది. దేశ రహస్యాల్లో ఎంత చెప్పొచ్చో అంతే చెప్పాడు. మన పేట పిల్ల ఒకతి ఎక్కడో దూరాన పస్తుంటోందని.

అసిరమ్మ వెంటనే లేచి నిలబడి కొంగు బిగించింది.

"ఎక్కడుందిరా ఆ గుంట? అడ్రస్ సెప్పు, పులుసు కాసి పంపీసెత్తాను."

ఆ అడ్రస్ టాప్ సీక్రెట్. ఎంత సీక్రెట్ అంటే, నీలకంఠానికి కూడా తెలియదు.